మైనస్ మూడు

కనకమ్మ సత్రం స్టాపులో బస్సెక్కిన పాత క్లాసుమేటు ఒకడు నా పక్కన కూర్చుని, టికెట్టు తీసుకోకముందే చెప్పాడు.

"మన లెక్కల మూడయ్యోరు పోయినాడంట. తిరువళ్ళూరులో, చెల్లెలింట్లో."

నేనేదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు. వాడు ఆగలేదు.

"పాపమనే అనాల గానీ, ఆ దినం తలుచుకుంటే నవ్వు ఆగదప్పా. ఏడాదంతా ఒకటే లెక్క చెప్పి మన ప్రాణం తీసినాడు. ఇన్‌స్పెక్టరు ముందర మాత్రం తప్పుకు కరెక్టని నిలబడిపోయినాడు. నువ్వే గదా పట్టినోడివి."

"నేనే," అన్నాను.

ఇద్దరం నవ్వాం. ముందు సీట్లో ఆవిడ ఏమిటని వెనక్కి తిరిగితే వాడు ఆవిడకూ కథంతా చెప్పాడు. తిరుత్తణి వచ్చేదాకా నేను వాణ్ణి దిద్దలేదు.

ఈ చుట్టుపక్కల తెలుగులో చదువుకున్న మా ఈడు వాళ్ళందరికీ ఆ కథ తెలుసు. పిల్లలకు చెబుతారు, పెళ్ళి భోజనాల దగ్గర చెబుతారు. నేనూ చెప్పాను, చాలాచోట్ల. అందులో ఒక అబద్ధం ఉంది. అది నాది. ఇప్పుడా మనిషి లేడు కనుక దాన్ని మోసేవాళ్ళు ఎవరూ లేరు. అందుకని రాస్తున్నాను.

ఆయన మాకు తొమ్మిదిలోనూ పదిలోనూ లెక్కలు చెప్పారు. డెబ్బైల మొదట్లో మాట. తిరుత్తణి దగ్గరి మా బడిలో అన్నీ తమిళ సెక్షన్లే, చివరి గదిలో ఒక్క తెలుగు సెక్షను. అందులో సగం నేతవాళ్ళ పిల్లలం, సగం రైతుల పిల్లలు. ఆయన సన్నగా పొడుగ్గా ఉండేవారు. జేబు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. బెంచీల మధ్య నడిచేటప్పుడు ఎడమచేతి బొటనవేలు బెంచీ అంచులకు రాసుకుంటూ పోయేది. వసారాలో నడిస్తే గోడకు. మేమంతా ఆ నడకను అనుకరించేవాళ్ళం. నేను బాగా చేసేవాణ్ణి.

పరీక్ష కాగితం దిద్దేటప్పుడు దాన్ని ముక్కుకు ఆనించుకునేవారు. వాసన చూసి మార్కులేస్తాడని మా జోకు. బోర్డు మీద లెక్క చేసేవాడు రాసిన ప్రతి ముక్కా పైకి చదవాలని ఆయన నియమం. "రాసేది చెయ్యి, ఒప్పుకునేది నోరు. రెండూ పనిచెయ్యాల," అనేవారు. ఆయనకు కాలిచప్పుడు విని పిల్లవాడి పేరు చెప్పే అలవాటు కూడా ఉండేది. అది ఆయన గొప్పతనమని అనుకునేవాళ్ళం.

ఆయనకు సున్నా అంటే ప్రాణం. ఏ పాఠం మొదలుపెట్టినా అక్కడికే వచ్చేవారు.

"ఏలో నుంచి ఏ తీసేస్తే ఎంతరా?"

"సున్నా."

"ఎప్పుడు?"

"ఎప్పుడైనా అయ్యోరా."

"మంచిది. ఆ సున్నా మనల్నేమీ అడగదు. సున్నాను ఏతో భాగిస్తే?"

"సున్నా."

"ఎప్పుడు?"

ఏ సున్నా కాకుండా ఉంటేనే అని చెప్పాలి. తెలిసినవాడు కూడా ఆయన గొంతు విని మరిచిపోయేవాడు. "పైన సున్నా చూసి మురిసిపోతారు. కింద కూడా చూడండిరా. కింద సున్నా ఉంటే మొత్తం సున్నా గాదు, అసలది ఏదీ గాదు," అనేవారు. కింద కూడా చూడు అనే మాట ఆయన రోజుకు ఎన్నిసార్లు అనేవారో. కూర్చోబోయే పిల్లవాడితో అనేవారు, బావి దగ్గర నీళ్ళు తోడేవాడితో అనేవారు.

ఆయన ఏడాది పొడుగునా పట్టుకున్న లెక్క ఒకటుంది. పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ తొమ్మిది. కింద ఎక్స్ మైనస్ మూడు. మొత్తం సున్నా కావాలి. ఎక్స్ ఎంత? తొందరపడేవాడు మూడు, మైనస్ మూడు అని రెండూ రాస్తాడు. రెండిటికీ పైన సున్నా వస్తుంది కదా. కానీ మూడు పెడితే కింద కూడా సున్నా అవుతుంది. కనుక మూడు పనికిరాదు. జవాబు మైనస్ మూడు ఒక్కటే. పక్కన, ఎక్స్ మూడు కాకూడదు అని రాయాలి. మైనస్ మూడు రాసి ఆ పక్క మాట రాయనివాడికి ఆయన సున్నా మార్కులు వేసేవారు.

ఆయన ఎవరినీ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. షరతు మరిచినవాడు గుమ్మంలో నిలబడాలి, ఒక కాలు గదిలో, ఒక కాలు బయట. "జవాబు వచ్చింది, షరతు రాలా. నువ్వు లోపలోడివీ గావు, బయటోడివీ గావు." ఒకసారి ఒక రైతు పిల్లవాడు అక్కడ నిలబడి నిలబడి నిక్కరు తడుపుకున్నాడు. మేం నవ్వాం. ఎందుకు నవ్వుతారని ఆయన అడిగితే ఎవడో చెప్పాడు. ఆయన "తరువాతి లెక్క రాసుకోండి," అన్నారు. వాడు మర్నాటి నుంచి బడికి రాలేదు. ఇది రాయకపోతే ఆయన్ని మంచివాణ్ణి చేసినట్టవుతుంది. మంచివాడని చెప్పడానికి నేను కూర్చోలేదు. లెక్క వచ్చినవాడని చెప్పడానికి కూర్చున్నాను.

మూడు నెలల పరీక్షలో నాకు సున్నా వచ్చింది. జవాబులన్నీ సరి, పక్కమాటలు లేవు. మా నాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు చదువు రాదు కానీ సున్నా తెలుసు.

"ఇది తెచ్చుకునేదానికి బడి ఎందుకురా. మగ్గం కాడ కూర్చో," అన్నాడు.

నేను బడి మానేసి నూలు కండెలు చుట్టడానికి కూర్చున్నాను. నాకు మగ్గం అంటే అసహ్యం. మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని బతుకంతా కూర్చోవాలి.

కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున మా వీధిలో పడుగు సాచారు. వీధి పొడుగునా నూలుపోగులు నడుమెత్తున లాగి కట్టి, ఎండ ఎక్కకముందే గంజి పెట్టాలి. మా వీధిలో నడక నేర్చిన పిల్లకు కూడా దాన్ని చుట్టుకుని పోవడం తెలుసు. కుక్కలు కూడా కిందుగా దూరవు. మా అయ్యోరు వీధి మొదట్లో కనిపించారు, బొటనవేలు గోడకు రాసుకుంటూ. గోడ అయిపోయి సందు వచ్చిన చోట తిన్నగా వీధిలోకి అడుగేశారు. అదే ఊపున పడుగులోకి నడిచారు. పోగులు పుటపుట తెగాయి. కట్టిన కర్ర ఒకటి ఒరిగింది.

నలువైపుల నుంచీ తిట్లు. గంజికుంచె పట్టుకున్న మా మామ ఒకాయన అరిచాడు.

"కండ్లు కనపడలేదా అయ్యోరా నీకు?"

"కనపడలేదు నాయనా," అన్నారాయన.

అందరూ దాన్ని క్షమాపణ అనుకున్నారు. నేను ఆయన చేతులు చూస్తున్నాను. తనకు అడ్డం పడిందేమిటో తెలుసుకోవడానికి రెండు అరచేతులతో పోగుల్ని తడుముతున్నారు. తల వంచలేదు. కనబడేవాడు ఎవడైనా ముందు తల వంచి చూస్తాడు. బొటనవేలు, ముక్కు, పైకి చదవమనే నియమం, కాలిచప్పుడు, అన్నీ నాకు ఒక్కసారి అర్థమైనాయి.

మా నాయన తెగిన పోగులు అతుకుతూ తలెత్తకుండా అడిగాడు. "ఎందుకొస్తిరి అయ్యోరా?"

"నీ కొడుకు బడికి రాలా."

"సున్నా తెచ్చినోడు బడికెందుకు?"

"సున్నా ఏసింది నేనే అన్నా. వానికి లెక్క రాక గాదు, జాగ్రత్త రాక. జాగ్రత్త లేనోడు మగ్గం కాడ నీకు మాత్రం దేనికి పనికొస్తాడు? నాకిచ్చెయ్."

కోపంలో ఉన్న మా నాయన కూడా నవ్వేశాడు. "తీసుకపో సామీ. ఇంకొక తూరి ఇంటికొచ్చేటప్పుడు మాత్రం గోడ ఎంబడే రా," అన్నాడు.

దారిలో ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ప్రేమతో అనుకుని నేను కొంచెం పొంగాను. అది పట్టు కోసం.

"చూసినావు గదా," అన్నారు.

"చూసినాను అయ్యోరా."

"మద్రాసులో చూపించుకున్నాను. నరం ఎండిపోతా ఉండాదంట, అద్దాలకు లొంగదంట. బళ్ళో తెలిస్తే ఆ దినమే ఇంటికి పంపిస్తారు. ఒకటే షరతు. ఇది నీ నోట్లో నుంచి రాకూడదు."

"రాదు."

ఆ తరువాత నాపట్ల మెత్తబడతారని ఎదురుచూశాను. అలా జరగలేదు. తన గుట్టు తెలిసినవాడి మీద ఆయన ఇంకొంచెం గట్టిపడ్డారు. పదో తరగతిలో, తిరువళ్ళూరులో లెక్కల పోటీకి మా సెక్షను నుంచి ఒకణ్ణి పంపాల్సి వచ్చింది. నేనే అని అందరూ అనుకున్నారు. ఆయన ముందురోజు ఒక లెక్క ఇచ్చారు. నేను తొందరలో పక్కమాట చదవలేదు. రాశానేమో కూడా, చదవలేదు. ఆయన ఒక రైతు పిల్లవాడి పేరు చెప్పారు.

"రాసినాను అయ్యోరా, చదవలేదంతే," అన్నాను.

ఆయన మెల్లగా, వెనక బెంచీకి వినబడేలా అన్నారు. "నిన్ను మగ్గం కాడ నుంచి తెచ్చింది నేను. ఆడికే తోలేది నాకు కష్టం గాదు."

అందరూ నవ్వారు. నేత పిల్లలు కూడా నవ్వారు. ఆ పిల్లవాడు పోటీకి వెళ్ళి ఏమీ గెలవకుండా తిరిగొచ్చాడు. అది నాకు ఇంకా మంటగా ఉండింది.

ఆ నెలలోనే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తమిళం ఆయన, కొంచెం తెలుగు తెలుసు. తనిఖీ రోజు గదుల్లో అరుపులు వద్దని హెడ్మాస్టరు ముందే అందరికీ చెప్పాడు. ఇన్‌స్పెక్టరు హెడ్మాస్టరుతో వచ్చి వెనక కుర్చీలో కూర్చుని, ఏదైనా ఒక లెక్క చేయించమన్నాడు. మా అయ్యోరు మాకు ఎంతో అలవాటైన ఆ లెక్కే చెప్పి, నన్ను పిలిచారు. మిగతావాళ్ళకంటే నా మీదే ఆయనకు నమ్మకం. అది ఇప్పుడు తెలుస్తున్నది.

నా భుజం పక్కన, బోర్డుకు చెయ్యి అందేంత దగ్గరగా నిలబడ్డారు. "నాకు మాత్రం ఇనపడేట్టు చదువు," అన్నారు.

లెక్క రాశాను. మొదటి ముక్కలు సరిగ్గానే రాసి సరిగ్గానే చదివాను. చివరికి వచ్చాను. వెనక ఇన్‌స్పెక్టరు హెడ్మాస్టరుతో ఏదో మాట్లాడుతున్నాడు. అయ్యోరి చెవిలో చెప్పినట్టు గొణిగాను. "ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు మైనస్ మూడు. ఎక్స్ మూడు కాకూడదు." చెయ్యి మాత్రం ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు మూడు అని రాసింది. పెద్ద అక్షరాలతో రాసింది. చెయ్యి రాసింది అంటున్నాను. రాసింది నేను.

ఆయన క్లాసు వైపు తిరిగి గొంతు పెంచారు. "కరెక్ట్. జవాబూ వచ్చింది, షరతూ వచ్చింది. కూర్చో."

ఆయన ముఖంలో సంతోషం ఉంది. నా మీద అలాంటి ముఖం పెట్టడం అదే మొదటిసారి.

ఇన్‌స్పెక్టరు లేచి ముందుకు వచ్చాడు. బోర్డు చూశాడు, ఆయన్ని చూశాడు. తమిళంలో అడిగాడు.

"మూడు సరైన జవాబా, సార్?"

ఆయన బొటనవేలు బల్ల అంచు మీద కదులుతూ ఉండింది. ఆగిపోయింది. ముఖం నేను కూర్చున్న బెంచీ వైపు తిరిగింది. సరిగ్గా నా వైపు కాదు, కొంచెం పక్కకు.

"తప్పు సార్. గమనించలేదు."

"చేతికందే దూరంలో నిలబడి గమనించకపోవడం ఏమిటి? గమనించలేదా, తెలియదా?"

చూపు లేదంటే ఆ సాయంత్రమే ఉద్యోగం లేదు. ఇంకొక మాటే మిగిలింది. నేను నా గోళ్ళు చూసుకుంటున్నాను.

"తెలియదు సార్," అన్నారు.

ఇన్‌స్పెక్టరు సుద్దముక్క తీసుకుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఆయనకు ఆ లెక్క చెప్పాడు. మూడు ఎక్స్ చోట పెట్టండి, ఇప్పుడు కింద చూడండి, ఏమొచ్చింది? ఆయన ప్రతిదానికీ తల ఊపారు. హెడ్మాస్టరు కిటికీలో నుంచి బయటికి చూస్తున్నాడు. వెనక బెంచీలో ఎవడో పక్కుమన్నాడు.

మర్నాడు వసారాలో ఎదురుపడ్డాం. గోడ వెంట వస్తున్నారు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అయినా తెలిసిపోయింది. నా దగ్గర ఆగి, "షరతు తప్పలేదు నువ్వు," అన్నారు. ముందుకు వెళ్ళిపోయారు.

ఆయన్ని పెద్ద క్లాసుల నుంచి తీసేసి, ఒకటో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పించమన్నారు. కాలక్రమంలో చూపు సంగతి కూడా బయటపడి బడి వదిలి వెళ్ళిపోయారు. అప్పటికీ ఎవరూ ఆ రెండిటినీ కలిపి ఆలోచించలేదు. లెక్క రానివాడు గుడ్డివాడు కూడా అయినాడని అనుకున్నారు. ఆయన బజారులో పోతూ ఉంటే మా వాళ్ళు సైకిళ్ళ మీద నుంచి అరిచేవాళ్ళు. "అయ్యోరా, మూడు కరెక్టా?" ఆయన తల తిప్పేవారు కాదు. ఆ తరువాతి క్లాసుల వాళ్ళు, ఆయన దగ్గర చదవనివాళ్ళు కూడా అరిచారు. ఎందుకలా రాశావని స్నేహితులు అడిగినప్పుడు నేనొక కథ కట్టాను. అయ్యోరికి నిజంగా వచ్చా రాదా అని పరీక్ష పెట్టాను అన్నాను. దాంతో పెద్దవాణ్ణయిపోయాను. ఆ పేరు నాకు కాలేజీలో పనికొచ్చింది, మద్రాసు దగ్గరి పట్టాభిరామ్‌లో ఉద్యోగంలో చేరాక క్యాంటీనులో పనికొచ్చింది.

ఎనభైల నడిమిలో ఆయన్ని ఇంకొకసారి చూశాను. తిరువళ్ళూరు స్టేషన్లో, మధ్యాహ్నం పూట. నేను, నా ఆఫీసు స్నేహితుడొకడు ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. బండి వచ్చి నిలబడింది. నల్లద్దాలు పెట్టుకున్న మనిషి ఒకాయన బొటనవేలు పెట్టె అంచుకు ఆనించి నిలబడి, ఎవరినీ ప్రత్యేకంగా కాకుండా అడిగారు.

"ఇది తిరుత్తణి పోతాదా, అరక్కోణంతో నిలిచిపోతాదా? బోర్డు చూసి చెప్పండప్పా."

బోర్డు నాకు కనబడుతూనే ఉంది. "తిరుత్తణి పోతుంది," అన్నాను.

ఆయన ముఖం నా గొంతు వైపు తిరిగింది. ఈసారి సరిగ్గా తిరిగింది. అటు పక్క పూలబుట్టతో నిలబడ్డ ఆడమనిషి వైపు తిరిగారు.

"అమ్మా, బోర్డు మీద ఏముండాదో నువ్వొక తూరి చూడు."

"తిరుత్తణే సామీ. ఆయన అదే గదా చెప్పినాడు."

"చెప్పినాడు. ఉండాదా అని అడిగినాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నా స్నేహితుడికి నా కథ కంఠతా వచ్చు. వాడు నా మోచేతిని పొడిచి, ఆయనకు వినబడుతుందన్న ఆలోచన లేకుండా, "ఈయనేనా మీ మూడు అయ్యోరు?" అన్నాడు.

ఆయన మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగారు. ఒక కాలు పెట్టెలో, ఒక కాలు ప్లాట్‌ఫారం మీద. నా జవాబు కోసమే ఆగారు. అది నాకు తెలుసు. వినడానికి అక్కడ ముగ్గురే ఉన్నారు, ఒక్క వాక్యం చాలు. మా బడి మొత్తం ముందు కాదు, ఇన్‌స్పెక్టరు ముందు కాదు, ఒక ఆఫీసు స్నేహితుడి ముందు, పూలమ్మే మనిషి ముందు.

"అవును," అన్నాను. నవ్వాను కూడా.

ఆయన రెండో కాలు లోపల పెట్టారు. కూత వేసి బండి కదిలింది.

ఇప్పుడు చెప్పవలసింది ఇంతే. ఆ లెక్కకు జవాబు మైనస్ మూడు. ఆయన చెప్పింది మైనస్ మూడుకే కరెక్ట్ అని. మూడు అని రాసింది నేను. ఆయనకు చూపు లేదని తెలిసి రాశాను. కానీ ఇది కూడా నేను రాస్తున్నదే కనుక నా మాట మీద ఒప్పుకోనక్కర్లేదు. ఎక్స్ చోట మైనస్ మూడు పెట్టండి. పైన తొమ్మిదిలో నుంచి తొమ్మిది పోయి సున్నా వస్తుంది. అక్కడ ఆగిపోవద్దు. కింద కూడా చూడండి.